పరదేశపు కొలతలు

ఇంట కుట్టుయంత్రమున్న స్త్రీ, దూరదేశమునుండి నెలనెలా వెలువడు దుస్తుల నమూనాల పత్రికకు చందా కట్టవచ్చునా, కట్టరాదా? ఇంత చిన్న ప్రశ్నకు ఒక వ్యాసమెందుకని చదువరులు నవ్వవచ్చును. కాని సంసారములలో ధర్మసంశయములు మహాభారతములోవలె రథములెక్కి రావు. పాలవాని లెక్కగాను, పిల్లవాని బడిరుసుముగాను, ఇదిగో, ఇటువంటి చందాగాను వచ్చుచుండును. పాత వరంగల్లు జిల్లాలోని జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములు మూడును 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రములైనవి. ఆఫీసులు వచ్చినవి, అద్దె ఇండ్లు వచ్చినవి, వాటివెంట వీధివీధికి జాకెట్లు కుట్టబడునను బోర్డులును వచ్చినవి. కుట్టు నేర్చి, ఆంగ్లము కొంత చదువగలిగి, చేతిలో ఫోనుగల యువతికి జర్మనీలో అచ్చగు ఒక పత్రిక పేరు తెలియుటలో వింతలేదు. తెలిసిన పిమ్మట దానిపై మనసుపోవుటలోను వింతలేదు. కావున ప్రశ్న పుట్టినది.

దీనికి తొందరపాటు సమాధానములు రెండున్నవి. మన చీరకు, మన రవికకు తెల్లవారి కాగితమేల అని ఒకరందురు. డబ్బు మనది, ముచ్చట మనది, ఇందులో ఆలోచింపవలసినదేమున్నదని మరియొకరందురు. మొదటివారు వస్తువు పుట్టిన ఊరు చూచిరి. రెండవవారు సంచిలోని డబ్బు చూచిరి. వస్తువును మాత్రము ఇరువురును విప్పి చూడలేదు.

విప్పి చూచినచో దాని నడుమ మడిచిపెట్టిన పెద్ద కాగితములు కొన్ని యుండును. నేలపై పరచినపుడు అవి ముగ్గుమీద ముగ్గు వేసి, ఆపై మరియొక ముగ్గు వేసినట్లుండును. ఎర్రని గీతలు, నీలి గీతలు, నల్లని గీతలు. ఒక్కొక్క దుస్తు భాగములకు ఒక రంగు. ఒక్కొక్క కొలతకు ఒక తీరు గీత, ఒకటి చుక్కలది, ఒకటి తునకలది, ఒకటి నిండుది. తనకు కావలసిన గీత యేదో కనిపెట్టి, దానిపై పలుచని కాగితము పరచి, చివరివరకు దారి తప్పక దిద్దుకొనవలెను. కుట్టుకు వదలవలసిన బట్ట ఆ గీతలో చేరియుండదు. అది తానే కలుపుకొనవలెను. కలుపుట మరచినచో ఆ తొడుగు తొడిగినవారికి ఊపిరాడదు. బొమ్మలు చూచి సంతోషించుటకు మాత్రమే కొనువారికి ఈ కాగితములు దండుగ. వారికొరకు నేనీ వ్యాసము వ్రాయుటలేదు.

ఇట్టి కాగితము పుట్టుక కొంత తెలియుట మేలు. 1863లో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున ఎబెనీజరు బటరిక్కు అను దర్జీ ఒకే దుస్తును పలు కొలతలలో కాగితముపై కత్తిరించి అమ్మసాగెను. అంతకుముందు నమూనాలు లేకపోలేదు. కాని అవి ఒకే కొలతలో నుండెడివి, తక్కినదంతయు కొన్నవారి నేర్పునకు వదలబడెడిది. జర్మనీలోని ఆఫెన్‌బుర్గు పట్టణమునకు చెందిన ఏనె బుర్దా అను స్త్రీ 1950 జనవరిలో తన పత్రిక తొలి సంచికను వెలువరించెను. 1952 నుండి నమూనా కాగితములు పత్రికతోనే వచ్చుచున్నవి. కాలము గమనింపుడు. యుద్ధములో ఊళ్ళు కూలి, సంసారములు చితికి, పాతబట్టను తిరగవేసి కుట్టుకొనుచున్న స్త్రీల దేశమది. పారిసునగరపు దొరసానుల దర్జీలు దాచుకొన్న కత్తిరింపు కిటుకును, సూదీ దారమూ మాత్రమే గల ఇల్లాలి చేతికి ఆ పత్రిక అందించెను. 1987లో అది రష్యను భాషలో సోవియట్ దేశమున ప్రవేశించినపుడును సంగతి ఇట్టిదే; అంగడిలో కోరినది దొరకని చోట, కోరినది కుట్టుకొనుటకు దారి దొరికెను. కాబట్టి దీనిని పుట్టుకతోనే విలాసవస్తువనుట న్యాయము కాదు. అక్కడ అది పొదుపుగా పుట్టినది. ఇక్కడికి వచ్చుసరికి యూరోలలోని వెలయు, విదేశీ తపాలాయు చేరి విలాసమైనది. ఒకే వస్తువు ఒక ఊర పొదుపు, మరియొక ఊర దుబారా కావచ్చునని మరువరాదు.

ఇక మనకు నమూనా లేదనుకొనువారు పొరబడుచున్నారు. మన నమూనా ఆది రవిక. తెలంగాణమున మేరవారు తరతరములుగా కుట్టుపనివారు. వారి అంగడికి పోవు స్త్రీ చంకన కొత్త బట్టతోపాటు, తనకు చక్కగా కుదిరిన పాత రవికను పట్టుకొని పోవును. దర్జీ దానిని మడిచి, బట్టపై పరచి, సుద్దముక్కతో గీచి కత్తెర వేయును. టేపుతో ఒంటిని తాకుటలేదు, అంకె పైకి చెప్పుటలేదు. ఆమె కొలత ఆమెకును ఆ గుడ్డకును మధ్యనే యుండును. ఇంత మర్యాదగల ఏర్పాటు ఏ దేశపు కుట్టుశాస్త్రమునను నాకు కనబడలేదు. కాని ఆదికి లోపమున్నది. ఆదిలో చంక పట్టినచో కొత్తదానిలోను పట్టును. ఆదిలో మెడ జారినచో కొత్తదానిలోను జారును. ప్రసవమైన పిమ్మట ఒళ్ళు మారిన స్త్రీకి ఆది లేదు. తొలిసారి జాకెట్టు తొడుగు పిల్లకు ఆది లేదు. రవికకు ఆది యున్నది గాని, కొడుకు చొక్కాకు మార్పు చేయవలసివచ్చినపుడు రవిక ఏమి చెప్పగలదు? ఆది ఫలితమును చూపును, కారణమును చెప్పదు. చంక ఎందుకు పట్టినది, భుజము జారినందుననా, ముందుభాగము చాలనందుననా? అది దర్జీ మనసులో నుండును. చెప్పినచో తన బేరము పోవునని ఆయన చెప్పడు. ఆయనను తప్పుపట్టుటకు లేదు. స్వదేశీయమైనంతమాత్రమున విద్య అందరి సొత్తు కానేరదు.

జనగామలో ఒక వృద్ధుడైన దర్జీకి ఒక యువతి ఈ విదేశీ కాగితమును చూపినదట. ఆయన దానిని చాలసేపు అటునిటు త్రిప్పి, "మంచిగనే ఉన్నది బిడ్డా, కని గిది ఎవ్వరి ఒళ్లు జూసి గీసిండ్రు?" అని అడిగెనట. "ఎవ్వరి ఒళ్లు గాదు తాతా, లెక్క" అని ఆ పిల్ల చెప్పెనట. ఈ మాటలు విన్ననాటినుండి నేను వీనినే తలపోయుచున్నాను. ఇరువురిలో ఎవరిది ఒప్పు?

ఆ లెక్క యిట్టిది. ఆ జర్మను పత్రిక తన సాధారణపు కొలతలను 168 సెంటీమీటర్ల పొడవుగల స్త్రీకని ఏర్పరచుకొన్నది. 38వ కొలతకు ఛాతీచుట్టు 88, 40వ కొలతకు 92. ఒక మెట్టుకు 4 సెంటీమీటర్ల వ్యత్యాసము. మన దేశపు స్త్రీల సగటు పొడవు సుమారు 152 సెంటీమీటర్లు. పదునారు సెంటీమీటర్ల అంతరమనగా జానెడుకు కొంచెము తక్కువ. క్రింది అంచున జానెడు కత్తిరించినచో సరిపోవునని తెలియనివారనుకొందురు. అట్లు చేసినచో నడుమునకు రావలసిన చోటు తుంటిపై కూర్చుండును. భుజమునుండి ఛాతీకి కొంత, ఛాతీనుండి నడుమునకు కొంత, నడుమునుండి మోకాలికి కొంత, చేతిలో కొంత, ఇట్లు పంచి తగ్గింపవలెను. ఎక్కడెంత తగ్గింపవలెనో కాగితము చెప్పదు. తన ఒళ్ళే చెప్పవలెను.

ఇందువలన మేలును కలదు, కీడును కలదు. కీడు ముందు చెప్పెదను, అది పెద్దది గనుక. మానుకోటలోని ఒక పద్దెనిమిదేండ్ల పిల్ల టేపు పట్టి తన్ను కొలుచుకొని, ఆ పట్టిక ముందు కూర్చుండినదనుకొందము. ఛాతీ ఒక అంకెలో పడును, నడుము మరియొక అంకెలో పడును, తుంటి మూడవదానిలో పడును, పొడవు ఏ అంకెలోను పడదు. పట్టిక అచ్చులో నున్నది. అచ్చులోనున్నది శాస్త్రమువలె కనబడును. తప్పు ఎవరిది? పిల్ల యేమనుకొనునో మనమందరమెరుగుదుము. పెండ్లిచూపులకు వచ్చినవారు పొడవు, రంగు లెక్కపెట్టి పోవు సమాజములో, అప్పటికే తన ఒంటిని నేరస్థురాలినివలె చూచుకొనుట నేర్చిన పిల్లకు, దూరదేశమునుండి ఇంకొక న్యాయాధిపతిని చందా కట్టి తెప్పించి యిచ్చినట్లగును. ఇది ధనవ్యయముకంటె వేయిరెట్లు కీడు. దీనినిగూర్చి మాటాడక, విదేశీ తపాలా ఖర్చునుగూర్చి వాదించు పెద్దమనుష్యులను చూచిన నాకు జాలి కలుగును.

కాని ఆ పట్టిక న్యాయాధిపతి కాదు. ఒక ఆఫీసులో కొందరు కూర్చుండి, బేరము సాగుటకు ఏదో ఒకచోట గీత గీయవలెను గనుక గీసిన గీత అది. ఆ కొలతకు తు.చ. తప్పక సరిపోవు స్త్రీ జర్మనీలోను అరుదే. అందుచేతనే అక్కడి కుట్టుపుస్తకములన్నింటను నమూనాను ఒంటికి తగినట్లు దిద్దుకొనుటనుగూర్చి ఒక ప్రకరణముండును. మన దేశమునను నిఫ్టు సంస్థ 'ఇండియాసైజ్' అను పేర హైదరాబాదుతో సహా ఆరు నగరములలో ఇరువదియైదువేలమందిని కొలుచు పని చేపట్టినది. మంచిదే. కాని ఆరు నగరముల సగటులో గూడూరు తండాలోని స్త్రీ యెక్కడ? సగటు ఎవరిదైనను, అది మనదేశపుదైనను, తొడుగుకొను మనిషిది కాదు. ముసలి దర్జీ అడిగిన ప్రశ్న స్వదేశపు పట్టికకును వర్తించును.

మేలు ఏమనగా, కుదరని నమూనా గురువగును. కుదిరిన నమూనా పని చేసిపెట్టి పోవును. కుదరనిది ఎందుకు కుదరలేదని అడిగించును. ఒకసారి భుజము పొడవు తగ్గించి, దానితో చంకచుట్టు ఎట్లు మారునో, చంకచుట్టుతో చేతి పైభాగము ఎట్లు మారవలెనో కన్నులార చూచిన స్త్రీ, ఆది రవికలోని లోపమునుగూడ చదువగలదు. ఆదిలో మూగగానున్న విద్యకు ఆ కాగితము భాష నేర్పును. ఈ ఒక్క కారణమునకే నేను ఆ పత్రికవైపు మొగ్గుచున్నాను.

ఇచ్చట గాంధీమహాత్ముని పేరు తెచ్చువారుందురు. తేదగినదే. 1921లో విదేశీవస్త్రములను దహనము చేయించినవాడు, 1924లో యంత్రములనుగూర్చి ప్రశ్నింపగా, సింగరు కుట్టుయంత్రమును మాత్రము మినహాయించెను. భార్య చేతికుట్టుతో పడు శ్రమ చూచి, ప్రేమచేత సింగరు దానిని కనిపెట్టెనని ఆయన భావము. (సింగరుగారి సంసారచరిత్ర తెలిసినవారు ఈ ప్రేమమాట విని చిరునవ్వు నవ్వెదరు, కాని గాంధీగారి తర్కము సింగరు గుణముపై ఆధారపడలేదు.) మనుష్యుని ఎముకలు విరుగకుండ చేయు యంత్రము వేరు, మనుష్యుని పనికిరానివానిగ చేయు యంత్రము వేరు. ఇదే గీటురాయిపై మన పత్రికను గీచి చూడవలెను. పన్నెండు సంచికలు పన్నెండు బొమ్మలను గ్రుడ్డిగా దిద్దించినచో అది బుద్ధికి సోమరితనము. పన్నెండింటిలో ఒక్కటి తీసికొని, దానిని విరిచి, కలిపి, తన ఊరి ఎండకు, తన ఇంటి పనికి తగినట్లు మార్చుకొన్నచో అది చదువు. పుట్టిన దేశమునుబట్టి ఈ తేడా తెలియదు.

దేశమునుగూర్చి మరియొకమాట. మన ముత్తవ్వల ఫొటోలలో బుట్టచేతుల జాకెట్లుండును. వానిని చూచి, ఆహా, మన సంప్రదాయమనుచున్నాము. ఆ బుట్టచేతులు విక్టోరియా రాణి కాలపు దొరసానులవద్దనుండి వచ్చినవి. చీరతో జాకెట్టు తొడుగు నేటి పద్ధతిని వంగదేశమున వ్యాపింపజేసినది ఠాకూరుల కోడలు జ్ఞానదానందినీదేవి. ఆమె బొంబాయిలో పారసీ స్త్రీల కట్టు చూచి నేర్చి, తన ఊరికి తగినట్లు మార్చినది. రవిక మనకు ప్రాతదే. దాని నేటి కత్తిరింపు మాత్రము పదిచోట్ల తిరిగి వచ్చినది. వచ్చినదానిని మార్చుకొన్నవారెవరు? పేరులేని దర్జీలు, పేరులేని ఇల్లాండ్రు.

ఇక వ్యవహారము. కుట్టుపనిచే నాలుగు రూకలు సంపాదింపగోరు స్త్రీకి ఈ పత్రిక నేరుగా ఉపకరింపదని నిక్కచ్చిగా చెప్పవలెను. మన ఊళ్ళలో కూలి వచ్చునది జాకెట్టుకు, లంగాకు, పంజాబీ డ్రెస్సుకు, చీరకు ఫాలు వేయుటకు. 2024 నుండి స్వయంసహాయక సంఘములకు అప్పగింపబడిన బడిపిల్లల యూనిఫారములకు. వీనిలో ఏ ఒక్కటియు ఆ కాగితములలో నుండదు. శరత్కాలపు సంచికలనిండ ఉన్నికోట్లే. భూపాలపల్లి బొగ్గుగనుల ఎండలో ఉన్నికోటు ఎవరికి కుట్టవలెను? పిల్లల గౌనులు, చొక్కాలు, పైజామాలు, నైటీకి పనికివచ్చు వదులు దుస్తులు పనికివచ్చును. అందుచేత నెలనెలా రావలసిన పనిలేదు. నాలుగైదు పాత సంచికలున్నచో కొన్నేండ్లకు సరిపోవును. చందా అనగా నేటి కోరికచే రేపటి పదకొండు కోరికలను ముందే కొనుట. తెరవని పొట్లములు అలమారలో పేరుకొన్న ఇండ్లు నేనెరుగుదును.

ఒంటరిగా కొనుటకంటె నలుగురు కలిసి కొనుట మేలు. ఇది మనకు కొత్తగాదు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసిననాటనుండి, ఒక పత్రిక వచ్చినచో పదిమంది చదువుట ఓరుగల్లు సీమకు అలవాటే. అయిదిండ్లవారు చేరి ఒక సంచిక తెప్పించి, ఎవరికి కావలసినది వారు దిద్దుకొనుటలో అధర్మము లేదు. పుస్తకము ఎరువిచ్చినట్టిదే అది. కాని కాగితములను యంత్రముపై నకలు తీసి అమ్ముటయు, ఫోనులో ఊరంతటికి పంచుటయు వేరుమాట. విదేశీయుల సొమ్మే గదా అని తేలికగా మాటాడుచున్నారు. పక్కవీధిలోని దుకాణము తన మగ్గము పనిని ఫొటో తీసి యథాతథముగ కుట్టినదని పోట్లాటకు పోవు స్త్రీయే, ఆ రాత్రి ఫోనులో దొంగనకలు దించుకొనును! గీత గీసినవారు ఏడు సముద్రముల ఆవలనున్నంతమాత్రమున వారి పని గాలికి పుట్టదు.

మరియొకటి నన్ను కలతపెట్టుచున్నది. మానుకోట చుట్టును ఎన్నో లంబాడీ తండాలున్నవి. అక్కడి ముసలిస్త్రీలు తొడుగు కాంచళి, కట్టు ఫేట్యా, తలపై వేయు టుక్రీ, వానిపై అద్దములు, గవ్వలు, రంగుదారముల కుట్టు, ఇవి ఏ కాగితమును చూచి నేర్చినవి కావు. అవ్వ ఒడిలో కూర్చుండి మనుమరాలు నేర్చినవి. కాంచళి ఎన్ని ముక్కలు, ఏ ముక్క ఏ ముక్కకు ముందు చేరవలెను, వీపు ఎట్లు విడిచి త్రాళ్ళతో ముడివేయవలెను, ఇది కత్తిరింపులో బహు తెలివిగల పని. నేడు మనుమరాండ్రు పంజాబీ డ్రెస్సు తొడుగుకొని కాలేజీకి పోవుచున్నారు. పోవలసినదే, ఎవరినీ పాత గుడ్డలో బంధించుట నాకిష్టములేదు. కాని అవ్వతోపాటు ఆ కత్తిరింపును పోవుచున్నది. జర్మనీలో అడ్డగీతలు గీసి భద్రపరచినట్లు ఎవరైన ఒక కాంచళిని విప్పి, ముక్కలుగా కాగితముపై దిద్ది, కొలతలు వేసి, ఆ అవ్వ పేరుతో దాచిరా? నమూనా కాగితమును చదువనేర్చిన యువతి ఈ పని చేయగలదు. నేర్వనిది చేయలేదు. పరదేశపు పత్రికకు చందా కట్టుటలో నాకు కనబడిన అన్నిటికంటె గొప్ప ప్రయోజనమిది. అది ఆ పత్రికవారికి తెలియదు.

తుదకు, చందాకు అనుమతి ఎవరిదను ప్రశ్న. ఇంట మగవాని ఫోను రీచార్జికి, సాయంకాలపు టీ హోటలుకు, స్నేహితుల విందులకు సభలు జరుగవు. స్త్రీ యొక పత్రిక కోరినపుడు మాత్రము, "తెప్పించితిమి గదా, ఏమి కుట్టితివి?" అని మూడవనెలలోనే లెక్క అడుగుదురు. ఏమి కుట్టగలదు? యంత్రము వంటింటి మూల నున్నది. దానిముందు కూర్చుండిన పది నిమిషములలో ఒకరికి నీళ్ళు, ఒకరికి కాఫీ, ఒకరికి కనబడని కండువా. ఆ అడ్డగీతలను వెంబడించుటకు రెండుగంటలు తెంపులేని మనసు కావలెను. చందా డబ్బు ఇచ్చి ఆ రెండుగంటలు ఇయ్యని ఇల్లు, విత్తనములు కొని నీళ్ళు పెట్టని చేనువంటిది. భర్తలైన చదువరులు ముందుగా ఆదివారము మధ్యాహ్నము రెండుగంటలు ఇచ్చి చూతురుగాక. అవి నాలుగు వారములు నిలిచినచో పత్రికమాట అపుడు తీయవచ్చును. ఆ రెండుగంటలలో ఏమి చేయవలెనో కత్తెర పట్టినది నిర్ణయించుకొనును.

తెప్పించుకొన్న సోదరీమణులు మొదటనే పట్టుబట్టను కోయవద్దు. పాత వార్తాపత్రికపై పిల్లగౌనొకటి దిద్ది, కుట్టుకు వదలవలసిన బట్ట మరువక కలిపి, చిరిగిన చీరతో ఒకసారి కుట్టి, పిల్లకు తొడిగి చూడుడు. చంక పట్టినచో ఎక్కడ పట్టినదో పిల్లనే అడుగుడు.